అందలమెక్కిన జట్టు

జూన్ 2, 2013

ఇందుమూలముగా ఈ రెండో నంబరు కారునందు ప్రయాణించు సమస్త మెకానిక్కులకును, రైడర్లకును, వారి బంధుమిత్రులకును తెలియజేయడమేమనగా: ముందు సీటు కింద ఎర్రమూత సీసాలో ఉన్నది గ్రీజు కాదు, గోంగూర పచ్చడి. దానిని సైకిల్ చైన్లకు పూయరాదు. ఐస్‌బాక్సులో కుడివైపున రైడర్ల నీళ్ళు, ఎడమవైపున మా మజ్జిగ. మజ్జిగను పాడైన పాలనుకొని పారబోసినవారు తదుపరి రేసు అయ్యేవరకు మా పక్క సీట్లో కూర్చుండి మా పాటలు వినవలెను. అద్దమునకు వేలాడుచున్న నిమ్మకాయ మిరపకాయల దండను ఎవరును వాసన చూడరాదు. ఇది శ్యామ్‌సుందర్ గారి ఆజ్ఞ.

దీన్ని ఇంగ్లీషులో రాసి కారులో అంటిద్దామనుకున్నాను. ఇంటర్ రెండుసార్లు తప్పినవాడి ఇంగ్లీషుకి భయపడేవాళ్ళు అమెరికాలో లేరు. అందుకని ఇక్కడే చాటింపు వేసుకున్నాను. ఈ రాజ్యంలో ప్రజ నేనొక్కణ్ణే కాబట్టి తిరుగుబాటు ఉండదు.

నిమ్మకాయల దండ ఏమిటని మేనేజర్ రిక్ అడిగాడు. గాలి ఎటు తిరుగుతుందో ముందే పట్టేసే ఇండియా పరికరం అన్నాను. మిరపకాయ వాడితే ఎదురుగాలి. ముప్పై ఏళ్ళు సైకిల్ రేసుల్లో పండిపోయిన మనిషి, ఈ ఉదయం రేసుకి ముందు వచ్చి మిరపకాయని వేళ్ళతో నలిపి చూసి, మొహం సీరియస్‌గా పెట్టి, గాలి జాగ్రత్త అని కుర్రాళ్ళకి చెప్పాడు. తరవాత ఆ చేత్తోనే కన్ను నలుపుకున్నాడు.

ఈమధ్య కాలంలో నాకు దక్కిన సుఖం ఇదొక్కటే.

జూన్ 9

బావగారు ఆఫీసుకి పిలిపించాడు. ధర్మారావంటే కృష్ణవేణికి అన్నగారు, నాకు అన్నదాత. హెర్న్‌డన్‌లో కన్సల్టెన్సీ. కుర్రాళ్ళని తెచ్చి బెంచ్ మీద కూర్చోబెట్టడం, రెజ్యూమెలు వండటం, ఏదో ఒక క్లయింటుకి తగిలించడం. సైకిల్ జట్టుకీ ఈయనకీ ఏం సంబంధమంటే, ఒక పెద్ద క్లయింటు శనివారాలు బిగుతు లాగు వేసుకుని సైకిల్ తొక్కుతాడు. ఆయన మెప్పు కోసం ఈయన జట్టునే కొనేశాడు. నన్ను బాటిళ్ళు అందించడానికీ, రెండో కారు నడపడానికీ పెట్టాడు. చెల్లెలి మొగుణ్ణి ఎక్కడో ఒకచోట పార్క్ చెయ్యాలి కదా.

రిక్ బోర్డు మీద మూడు గీతలు గీశాడు. పై గీత మొదటి డివిజన్, మధ్యది రెండోది, కిందది మూడోది. మనం మధ్య గీత అంచు పట్టుకుని గబ్బిలంలా వేలాడుతున్నాం. అక్టోబర్లో లెక్క తేలుస్తారు. జారితే మూడో డివిజన్. అప్పుడు పెద్ద రేసులకి పిలుపు రాదు, టీవీలో కనపడం.

"క్లయింట్ చూడడన్నమాట," అన్నాడు బావగారు. "పైకుండాలంటే ఏం కావాలి?"

"పాయింట్లు."

"జట్టుకి ఇస్తారా?"

"జట్టుకి కాదు. గెలిచిన రైడర్‌కి ఇస్తారు. వచ్చే ఏడాదికి అతను ఏ జట్టుకి సంతకం పెడితే ఆ జట్టు లెక్కలోకి ఆ పాయింట్లు పోతాయి."

బావగారి మొహం అమ్మవారు పూనినట్టు వెలిగిపోయింది. బల్ల మీద కొట్టి నా వైపు తిరిగాడు.

"బావా! ఇదేదో మన బిజినెస్సేనయ్యా! ఎక్స్‌పీరియన్స్ కాండిడేట్‌తో వస్తుంది. మనం నేర్పేదేం లేదు. ఎక్కువ పాయింట్లున్నవాణ్ణి తెచ్చి బెంచ్ మీద కూర్చోబెడితే చాలు."

రిక్ ఏదో చెప్పబోయాడు. అంత సింపుల్ కాదన్నాడు. సింపులే అన్నాడు బావగారు. అందరి కాగితాలూ తెప్పించి ఒక్కొక్కటీ తిరగేసి, వినీత్ దగ్గర ఆగాడు.

"మనవాడే కదా ఇతను? తెలుగువాళ్ళు నిండిపోయిన ఆ కాపెల్ ఊరి నుంచి వచ్చాడన్నారు. ఇదేంటి, ఇన్నేళ్ళయినా సున్నా?"

"బావగారూ, వాడు కారు దగ్గరికొచ్చి నీళ్ళు పట్టుకెళ్ళి అందరికీ ఇస్తాడు. గాలికి తను అడ్డం పడి ఇంకొకణ్ణి వెనకాల దాచుకుని తీసుకెళ్తాడు. ఆఖరి కొండ దాకా లాగి వదిలేస్తాడు. అక్కణ్ణించి వెనకోడు పోయి గెలుస్తాడు."

"పాయింట్లు?"

"వెనకోడికి."

"నీళ్ళు మొయ్యడం ఒక స్కిల్‌సెట్టా బావా? రెజ్యూమెలో ఏమని రాస్తాం?"

నవ్వాను. ఆయన జోక్ వేశాడనుకున్నాను. ఛీ.

జూన్ 12

కృష్ణవేణి మిట్టమధ్యాహ్నం పచ్చ గొడుగు వేసుకుని వాకింగ్‌కి వెళ్ళింది. ఎదురింటి ఆవిడ కారాపి, ఆకాశం కేసి చూసి, దీని కేసి చూసి, "ఆర్ యూ ఓకే, హనీ?" అందట. ఇంటికొచ్చి నా మీద ఎగిరింది. "ఎండకి గొడుగేసుకోవడం కూడా తెలీని జనం వీళ్ళు. మళ్ళీ చంద్రుడి మీదకెళ్ళారంట."

జూన్ 23

నీళ్ళు మోసే కుర్రాళ్ళలో ఇద్దర్ని బావగారు తీసేశాడు. ఈమెయిల్లో. ఒకడు నా పక్కనే కారు తుడుస్తున్నాడు, ఫోన్ చూసుకున్నాడు, గుడ్డ పిండి ఆరేసి వెళ్ళిపోయాడు.

గుడ్డ ఎందుకు ఆరేశాడు?

జూలై 7, పెన్సిల్వేనియా

ఫిక్స్‌డ్ డిపాజిట్లు దిగారు. ఆ పేరు నేను పెట్టిందే. ఎక్కడెక్కడో పది మంది కూడా తొక్కని రేసులు వెతుక్కుని గెలిచి పాయింట్లు మూట కట్టుకున్నవాళ్ళు. అందరికంటే పెద్ద డిపాజిట్ టోమస్. మనిషి అందగాడే. తన సైకిల్ తను దించుకోడు. షూ లేసు ఊడితే కాలు ముందుకు చాపి నిలబడతాడు.

ఈరోజు వీళ్ళతో మొదటి రేసు. ఛీ, ఏం చెప్పను. పెళ్ళికి వెళ్తే అందరూ పెళ్ళికొడుకులే, బాజాభజంత్రీ వాడు ఒక్కడూ లేడు. ఎవడూ గాలికి ఎదురు వెళ్ళడు. ఒకడి వెనక ఒకడు దాక్కోవాలని చూస్తాడు, ఆ ముందువాడు వీడి వెనక్కి రావాలని చూస్తాడు. పామూ పామూ ఒకదాని తోక ఒకటి మింగినట్టు రోడ్డు మీద తిరిగారు. తక్కిన జట్లవాళ్ళు నవ్వుకుంటూ దాటిపోయారు.

నీళ్ళ కోసం కారు దగ్గరికి ఒక్కడే వచ్చాడు. వినీత్. చొక్కా వీపుకి సంచిలా సాగిపోయి ఉంది.

"అంకుల్, బాటిల్స్ ఇవ్వు. సారీ, ఇవ్వండి. ఎన్ని ఉంటే అన్ని."

"నీ ఒక్కడికేరా?"

"నో, అందరికి. టోమస్‌కి కోల్డ్ కావాలంట. ఇంకో గై నో ఐస్ అన్నాడు."

"వాడి అత్తగారిని కాచి చల్లార్చి పంపమను."

వాడు నవ్వి, ఒక చేత్తో సైకిల్ పట్టుకుని రెండో చేత్తో బాటిళ్ళు వీపులో కుక్కుకున్నాడు. నేను ఆఖరి బాటిల్ వెంటనే వదల్లేదు. వాడూ వదల్లేదు. కారు నడిపినంతసేపూ వాడికి తొక్కే పని లేదు. ఇది రూలుకి విరుద్ధం, అందరూ చేసేదే. అంతసేపు వాడు కళ్ళు మూసుకున్నాడు. వాడికి పులిహోర ముద్ద కూడా ఒకటి అందించాను, రేకులో చుట్టి. మిగతావాళ్ళకి తీపి అన్నం ముద్దలు. వీడికి మాత్రం ఇంగువ పడాలి.

టోమస్ ముద్దలో ఒక పచ్చిమిరపకాయ పొరపాటున పడింది. పొరపాట్లు ఎవరికైనా జరుగుతాయి.

జూలై 9

బావగారు వినీత్‌కి చెప్పేశాడు. అక్టోబర్ లోపల పాయింట్లు తేకపోతే వచ్చే ఏడాది లేదు. "ఇట్స్ నాట్ పర్సనల్, బాబూ" అన్నాడట. బెంచ్ మీద కుర్రాళ్ళకి చెప్పీ చెప్పీ ఆ మాట ఆయన నోట్లో నున్నగా అరిగిపోయింది.

ఈ జట్టు వదిలితే వాణ్ణి ఎవరు పిలుస్తారు? పాయింట్లు లేని మోతగాణ్ణి. వాడికి ముప్పై దగ్గరపడింది.

జూలై 21

రాయాల్సింది చాలా ఉంది.

సంచులందించే చోట నిలబడ్డాను. దారి పక్కన నిలబడి, రైడర్లు దూసుకొస్తుంటే తిండి సంచులు చెయ్యి చాపి అందించాలి. ఎండ మండిపోతోంది. నా పక్కకి ఒకాయన వచ్చి నిలబడ్డాడు. పొట్టిగా, ఎర్రగా, బూడిదరంగు మీసం. చేతిలో పచ్చ గొడుగు. వేసుకుని నిలబడ్డాడు, నీడ నా మీద కూడా పడేలా. మర్యాదస్తుడు.

బెల్జియం జట్టు మనిషట. మొదటి డివిజన్. అమెరికాలో కుర్రాళ్ళని చూడటానికి వచ్చాడు. మన జట్టు వెళ్ళిపోయాక అడిగాడు, "ఆఖర్న నీళ్ళు మోసుకుంటూ పోయాడే, అతనెవరు?"

వినీత్ అన్నాను.

"మీ మిగతావాళ్ళందరికీ పాయింట్లున్నాయి. చూశాను. కానీ అందరూ అందలం ఎక్కితే మోసేవారెవరు?" అన్నాడు. ఇంగ్లీషులోనే. "నాకు ఎక్కేవాళ్ళు చాలామంది ఉన్నారు. మోసేవాణ్ణి వెతుక్కుంటూ వచ్చాను."

పేరడిగితే ఏదో చెప్పాడు, నోరు తిరగలేదు. కార్డు ఇవ్వలేదు. గొడుగు మూసి, దులిపి, చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

జూలై 24

బావగారికి చెప్పాను. మామూలుగా, కాఫీ తాగుతూ, మనకెందుకొచ్చిందిలే అన్నట్టు.

కప్పు కింద పెట్టేశాడు. "ఎవడు వాడు? మన కాండిడేట్‌ని మన క్లయింట్ సైట్ దగ్గరే లాక్కుపోతాడా?"

"పోనివ్వండి బావగారూ. సున్నా పాయింట్లవాడే కదా."

"నీకు తెలీదు బావా. అవతలివాడు అడుగుతున్నాడంటే మనకి కనపడనిదేదో వాడికి కనపడిందన్నమాట." లేచి కిటికీ దాకా వెళ్ళి వచ్చాడు. "అయితే ఆ దొరకి మన సామెతెలా తెలుసు?"

"అక్కడా ఉందట. వాళ్ళకీ అందలాలుండేవి కదా."

"ఉండుంటాయి," అన్నాడు.

పాతికేళ్ళుగా చూస్తున్నాను ఈయన్ని. సరుకు మంచిదా చెడ్డదా అని ఏనాడూ చూడడు. పక్కవాడు బేరమాడుతున్నాడా లేదా అనే చూస్తాడు. కూరగాయల దగ్గరా అంతే, మనుషుల దగ్గరా అంతే. రోత.

జూలై 28

అనుకోనిది జరిగింది. బావగారు వినీత్‌ని పిలిచి ఆ బెల్జియం వాడితో ఏం మంతనాలని నిలదీశాడట. వినీత్ తిన్నగా నా దగ్గరికొచ్చాడు. కారు డిక్కీలో బాటిళ్ళు సర్దుతున్నాను.

"అంకుల్, నిజమా? ఎవరో నా గురించి అడిగారు?"

ఈ ముక్క బావగారి చెవికోసం. వాడి చెవికోసం కాదు. కానీ ఆ మొహం అలా పెట్టుకుని నిలబడితే ఏం చెయ్యను?

"అడిగాడు."

"ఏం అన్నారు? ఎగ్జాక్ట్‌గా చెప్పు."

చెప్పాను. అందలం అంటే ఏమిటన్నాడు. పెళ్ళికూతుర్ని కూర్చోబెట్టి మోసుకెళ్ళేది, నలుగురు భుజాల మీద, అన్నాను. తల ఊపాడు. డిక్కీ అంచు మీద కూర్చుని ఒక బాటిల్ మూత తిప్పుతూ, బిగిస్తూ, తిప్పుతూ ఉన్నాడు.

"నన్ను ఎవరూ చూడరు అంకుల్. టీవీ కూడా. కెమెరా వచ్చేసరికి నేను ఆల్రెడీ వెనక్కి పోతాను. మా డాడ్ రేస్ అంతా చూసి, వేర్ వర్ యూ అంటారు."

"నిన్న కూడా వచ్చాడు," అన్నాను. "దూరంగా నిలబడ్డాడు."

ఎందుకన్నాను?

ఆగస్టు 11

పారింది! బావగారు వినీత్‌కి వచ్చే ఏడాదికి కాంట్రాక్టు ఇచ్చాడు. తనే తెచ్చి, తన పెన్నే ఇచ్చి, కృష్ణవేణి చేసిన సున్నుండలు కూడా పెట్టాడు. నేను మనసులో ఈల వేసుకున్నాను. నా బతుకులో నేను వేసిన వేషాలన్నింటిలోకీ మేలైనది. పుణ్యం కూడా వచ్చేది ఇదొక్కటే.

వినీత్ సంతకం పెట్టలేదు.

"థాంక్యూ అంకుల్," అన్నాడు బావగారితో. "కొంచెం టైమ్ కావాలి. అదర్ టీమ్ ఏం అంటారో చూసి చెప్తాను."

బావగారు సున్నుండల పళ్ళెం వెనక్కి తీసుకున్నాడు.

ఆగస్టు 18

పొద్దున్నుంచీ వినీత్‌కి బెల్జియం గురించి చెబుతున్నాను. అక్కడంతా వానట. రాళ్ళ రోడ్లట. ఆ జట్టులో అన్నం పెట్టరట, బంగాళదుంపలేనట. ఆ గొడుగాయన కళ్ళలో ఏదో కపటం కనిపించిందన్నాను. ఈరోజుల్లో ఎవర్నీ నమ్మకూడదన్నాను. చేతిలో ఉన్న సంతకం చేసేసుకోరా నాయనా అన్నాను.

"అంకుల్, మీరే కదా మంచి మనిషి అన్నారు? నీడ మీకు కూడా ఇచ్చారు అన్నారు?"

నీడ సంగతి వాడికి ఎప్పుడు చెప్పాను!

"ఆయనకి నేను వెయిట్ చెయ్యాలి. ఆయన నన్ను చూశారు. మీ బావగారు నా పేపర్ చూశారు."

ఆగస్టు 19

గొడుగాయన మీద నాకు అసహ్యం వేస్తోంది.

సెప్టెంబర్ 1

టోమస్ నా నిమ్మకాయల దండ వాసన చూశాడు. శాసనోల్లంఘన. తుమ్మీ తుమ్మీ చచ్చాడు. నవ్వు రాలేదు.

సెప్టెంబర్ 15

రేసు అయింది. ఈరోజు రాయను.

సెప్టెంబర్ 17

రిచ్‌మండ్ అవతల కొండల్లో ఆఖరి రేసు. ఇందులో మనవాడెవడైనా మొదటి ముగ్గురిలో ఉంటే రెండో డివిజన్‌లో ఉంటాం. లేకపోతే జారతాం. బావగారు నా కారులో పక్క సీట్లో ఎక్కాడు, కొత్త టోపీ పెట్టుకుని.

మొదట్లోనే నలుగురు ముందుకు ఉరికారు. వాళ్ళతో మనవాడు వినీత్. డిపాజిట్లలో ఎవడికీ అంత పెందలాడే ఒళ్ళు వంచడం ఇష్టంలేక వాణ్ణి పంపారు. పట్టుకుంటార్లే అనుకున్నారు. ఎవరూ పట్టుకోలేదు. వెనకవాళ్ళు ఒకర్నొకరు చూసుకుంటూ కూర్చుంటే ఆ నలుగురూ దూరం పెంచుకున్నారు. మధ్యాహ్నానికి వాళ్ళ వెనక కారు వెళ్ళచ్చని రేసువాళ్ళు అన్నారు. నేను వెళ్ళాను.

వాడు తొక్కుతున్న తీరు నేనెప్పుడూ చూడలేదు. వీపు మీద ఒక్క బాటిల్ లేదు. చొక్కా ఒంటికి అంటుకుని ఉంది. మనిషి సగం వయసువాడిలా ఉన్నాడు.

అప్పుడు కారు రేడియోలో రిక్ గొంతు. టోమస్ వెనక గుంపులో ఒంటరిగా ఉన్నాడు, సాయానికి ఎవరూ లేరు. ఆఖరి కొండ వచ్చేలోపల వినీత్ ఆగి అతన్ని లాక్కొస్తే అతనికి ఛాన్సుంది. లేదా వినీత్‌ని అలాగే పోనివ్వచ్చు, వీడికీ ఛాన్సుంది. ఏం చెయ్యమంటారు?

బావగారు ముందుకు వంగాడు. "వీడు గెలిస్తే ఆ పాయింట్లు?"

"వినీత్‌వి," అన్నాడు రిక్.

"వీడు మనకి సంతకం పెట్టలేదుగా."

"లేదు. టోమస్ కూడా పెట్టలేదు."

"టోమస్ మాటిచ్చాడు, రేసు అవగానే పెడతానని. వీడివెక్కడికి పోతాయి? ఆ గొడుగోడికి! నా కారు, నా పెట్రోలు, నా నీళ్ళు, పాయింట్లు గొడుగోడికా? ఆపమను."

  నేను మాట్లాడాల్సిన మాట ఒకటుంది. బావగారూ, గొడుగోడనేవాడే లేడు, నేను అల్లిందే, అని. చిన్న మాట. స్టీరింగ్ పట్టుకుని కూర్చున్నాను. పాతికేళ్ళుగా ఆయన పెట్టిన అన్నం గొంతుకి అడ్డం పడింది. అలా రాసుకుంటే బాగుంది గానీ, నిజానికి భయం. ఈ ఉద్యోగం కూడా పోతే కృష్ణవేణికి ఏం చెప్పను?

చెయ్యి ఎత్తి వినీత్‌ని పిలిచాను. వాడు నా కిటికీ పక్కకి వచ్చాడు. బాటిల్ ఇచ్చాను. పట్టుకున్నాడు. ఇద్దరం వదల్లేదు.

"అంకుల్, ఐ ఫీల్ గుడ్. నిజంగా గుడ్. గొడుగు ఆయన వచ్చారా?"

"వచ్చాడు," అన్నాను. "పైన, మలుపు దగ్గరున్నాడు."

"చెప్పు బావా, చెప్పు," అని బావగారు నా తొడ గిల్లుతున్నాడు.

"టోమస్ కోసం ఆగమంటున్నారు," అన్నాను.

వాడు నన్ను చూశాడు. తరవాత రోడ్డు వైపు, ముందు వెళ్తున్న ముగ్గురి వైపు. "అంకుల్, ఆయనకి ఏం చూడాలని ఉంది? నేను వెళ్ళిపోవడం? లేక ఆగడం?"

కారు, సైకిలు, బాటిలు, అంతా కలిసి పోతున్నాం. నేనేదీ కొత్తగా చెప్పలేదు. ఇంతకుముందు చెప్పిందే చెప్పాను.

"ఆయనకి మోసేవాళ్ళంటేనే ఇష్టం."

వాడు బాటిల్ వదిలేశాడు. తొక్కడం ఆపేశాడు. ముందున్న ముగ్గురూ వెనక్కి తిరిగి చూశారు, నమ్మలేనట్టు, ఆపైన దూరమైపోయారు. నేను కారు ముందుకి పోనిచ్చి అద్దంలో చూశాను. రోడ్డు పక్కన ఒక కాలు కింద పెట్టి, బస్సు కోసం చూసేవాడిలా నిలబడి ఉన్నాడు.

టోమస్ వచ్చాడు. వాణ్ణి వెనక దాచుకుని వినీత్ ఆ కొండంతా లాగాడు. నోరు తెరుచుకుపోయి, తల పక్కకి వాలిపోయి. మలుపు దగ్గర మాత్రం తల ఎత్తాడు. జనంలోకి చూశాడు. ఇటు చూశాడు, అటు చూశాడు. మిట్టమధ్యాహ్నపు ఎండ. జెండాలు, టోపీలు, చొక్కాలు విప్పేసుకున్న మగవాళ్ళు. గొడుగు ఎవరి చేతిలోనూ లేదు.

టోమస్ రెండోవాడుగా వచ్చాడు. వినీత్ ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు. బావగారు నన్ను వాటేసుకుని, "చూశావా బావా, మేనేజ్‌మెంట్ అంటే ఇదీ," అన్నాడు. ఆయన టోపీ అంచు నా నుదుటికి గీసుకుపోయింది. ఇప్పటికీ మండుతోంది.

అక్టోబర్ 2

టోమస్ సంతకం పెట్టాడు.

ఇంకో జట్టుకి. కొత్త పాయింట్లు, పాత పాయింట్లు, అన్నీ మూట కట్టుకుని పోయాడు. బావగారు వారం రోజుల్నించీ ఫోన్ చేస్తుంటే ఎత్తలేదట. ఆఖరికి మెసేజ్ పెట్టాడు: ఇట్స్ నాట్ పర్సనల్.

నవ్వుదామని చూశాను.

అక్టోబర్ 20

జారాం. మూడో డివిజన్.

బావగారు ఆఫీసులో తల పట్టుకుని కూర్చున్నాడు. "మాట మీద నిలబడని మనుషులు బావా. అంతా కమర్షియల్ అయిపోయింది," అన్నాడు. ఈ మాట ఆయనే అన్నాడు!  పక్క గదిలో బెంచ్ మీద కుర్రాళ్ళు లాప్‌టాప్‌లు ఒళ్ళో పెట్టుకుని ఎవరి రెజ్యూమెనో బట్టీ పడుతున్నారు.

వినీత్ కాంట్రాక్టు సంగతి అడిగాను. ఏ వినీత్ అన్నాడు.

వాడు గది ఖాళీ చేసి వెళ్ళిపోయాడట. నాకు చెప్పలేదు. ఫోన్ చేస్తే ఆ నంబర్ పనిచెయ్యడం లేదు.

అక్టోబర్ 27

వినీత్ వచ్చాడు. చెప్పాపెట్టకుండా, మధ్యాహ్నం. కృష్ణవేణి అప్పుడే పులిహోర కలిపి పెట్టింది, తెలిసి చేసినట్టు.

గుమ్మంలో షూ విప్పుతూ తలుపు వెనకున్న పచ్చ గొడుగు చూశాడు. తీశాడు. అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అంకుల్, గొడుగు ఆయన ఇదేనా?"

 వాడు నవ్వడం మొదలుపెట్టాడు.

"కాపెల్‌లో మా అమ్మమ్మ ఇలాగే వెళ్తుంది వాకింగ్‌కి, ఎండలో. తెల్లవాళ్ళు ఎండకి గొడుగు వెయ్యరు అంకుల్. ఎండ వస్తే షర్ట్ తీసేస్తారు. నాకు ఆగస్టులోనే డౌట్. మీరు బెల్జియంలో బంగాళదుంపలు అన్నప్పుడు కన్ఫర్మ్ అయింది."

"మరి ఎందుకు ఆగావురా ఆ రోజు?"

"ఆగమన్నది మీరు కదా."

కూర్చుని పులిహోర తిన్నాడు. రెండోసారి పెట్టించుకున్నాడు. పల్లీలు ఏరుకుని ఆఖర్న తిన్నాడు, చిన్నపిల్లాడిలా. కోపం లేదా అన్నాను. "ఎవరో ఒకరు చూస్తున్నారని చెప్పారు. అది చాలు," అన్నాడు. కృష్ణవేణి కళ్ళు తుడుచుకుంది. వెళ్ళేటప్పుడు నా భుజం తట్టి, మీరు మంచివారే అంకుల్ అన్నాడు.

గుండె మీంచి బరువు దిగింది. హాయిగా ఉంది.

నవంబర్ 3

ఈరోజు కొత్త నంబర్ నుంచి ఫోన్‌లో వాయిస్ మెసేజ్. మూడుసార్లు విన్నాను.

"హాయ్ శ్యామ్ అంకుల్, నేను వినీత్. సారీ, చెప్పకుండా వచ్చేశాను. కాపెల్‌లో ఉన్నా, పేరెంట్స్ దగ్గర. ఒక బైక్ షాప్‌లో వర్క్ చేస్తున్నా. రోజూ ట్రైనింగ్ కూడా చేస్తున్నా, డోంట్ వర్రీ. అంకుల్, ఆ రోజు మలుపు దగ్గర ఆయన నాకు కనపడలేదు, నేను చాలా టైర్డ్. కానీ మీరు ఉన్నారు అన్నారు కదా, సో ఆయన నన్ను చూసే ఉంటారు. నా పాత నంబర్ పోయింది. ఆయన కాల్ చేస్తే ఈ నంబర్ ఇవ్వండి, ప్లీజ్. ఓకే, బై. ఆంటీకి హలో చెప్పండి."

కృష్ణవేణి ఎవరు ఫోన్ అంది. రాంగ్ నంబర్ అన్నాను.

పోయిన వారం రాసిన పేజీ మళ్ళీ చదివాను. "అది చాలు" అట! ఎవడు మాట్లాడతాడు అలా? "మీరు మంచివారే అంకుల్" అట! నా భుజం నేనే తట్టుకున్నాను, వాడి చెయ్యి అరువు తెచ్చుకుని. చించేద్దామనుకున్నాను. చించితే ఇంకో అబద్ధం అవుతుంది.

పోయిన ఆదివారం వినీత్ మా ఇంటికి రాలేదు. తలుపు వెనక పచ్చ గొడుగు ఉందన్న మాట ఒక్కటే నిజం.